మ్యాన్ పేజీల కథ

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి మ్యాన్ పేజీలు కొత్త కాదు. మిగతావాళ్ళ కోసం ఒక్క మాట: యునిక్స్, లైనక్స్ కంప్యూటర్లలో 'మ్యాన్' అని కొట్టి పక్కన కమాండ్ పేరు రాస్తే, ఆ కమాండ్ ఏం చేస్తుందో చెప్పే పేజీ వస్తుంది. దీని పుట్టిల్లు మనకి దగ్గరే, ఈ న్యూజెర్సీలోని ముర్రే హిల్. అక్కడి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తెచ్చిన మొదటి మాన్యువల్ మీద తేదీ 1971 నవంబర్ 3.

అప్పుడే పేజీలన్నిటికీ ఒకే వరస పెట్టారు. ముందు పేరు, తర్వాత వాడే పద్ధతి, ఆపైన వివరణ. చివర్లో 'బగ్స్', దాని కింద 'ఓనర్', అంటే ఎవరిని అడగాలో. తమ ప్రోగ్రాంలో తప్పులివీ అని తామే రాసిపెట్టుకున్నారు! మన కంపెనీల్లో ఎవరైనా చేస్తారా, చెప్పండి?

1979 నాటి ఏడో ఎడిషన్‌కి సంపాదకుడు డగ్ మెకిల్‌రాయ్. పేజీలు ఒకేలా అచ్చయ్యేందుకు 'మ్యాన్' మాక్రోలు అందులోనే వచ్చాయి. కానీ ఏ మాట లావుగా, ఏది వాలుగా ఉండాలన్నది రాసేవాడి ఇష్టమే. 1990లో బర్క్‌లీ వాళ్ళ ఎమ్‌డాక్ వచ్చింది, సింథియా లివింగ్‌స్టన్ పని. ఇది ఆప్షన్, ఇది ఆర్గ్యుమెంట్ అని రాసేవాళ్ళు చెబితే చాలు, ఎలా కనిపించాలో మిషనే చూసుకుంటుంది.

మాటల సంగతి మాత్రం మిషన్ చూడదు. లైనక్స్‌లో మ్యాన్ పేజీలు ఎలా రాయాలో చెప్పే మ్యాన్ పేజీ ఒకటుంది. 'ఫైల్‌నేమ్' కలిపి రాయాలి, విడగొట్టకూడదు, 'సూపర్‌యూజర్' కూడా అంతే అని అందులో పెద్ద పట్టికే ఉంది. ఒక ఖాళీ కోసం ఇంత పట్టుదలా అని నవ్వుకున్నాను.

ఒక క్లయింట్ దగ్గర ఆ నవ్వు పోయింది. వాళ్ళ సొంత మాన్యువల్‌లో ఒక పేజీలో 'పర్జ్' అంటే పాత రికార్డులు తీసేయడం. ఇంకో పేజీలో అదే మాటకి అర్థం మొత్తం తుడిచేయడం. రాత్రి రెండింటికి నేను మొదటి పేజీ చదివి, రెండో పేజీ కమాండ్ కొట్టాను. మూడు రోజుల రికార్డులు పోయాయి. బ్యాకప్ నుంచి కొన్ని వచ్చాయి, అన్నీ రాలేదు. చివాట్లు నాకే.

ఆ వారమంతా కూర్చుని పేజీలన్నిటిలో ఆ మాటకి ఒకే అర్థం వచ్చేలా దిద్దాను. అడుగున బగ్స్ అని పెట్టి, ఆ రాత్రి జరిగింది రెండు వాక్యాల్లో రాశాను. క్లయింట్ చూస్తే బాగోదు, తీసేయమన్నాడు మేనేజర్. తీయలేదు.