తోమితే తరిగే వెండి

దీపావళి లక్ష్మీపూజ వస్తోందంటే మన ఇళ్ళలో వెండిసామాన్లన్నీ తళతళలాడాల్సిందే. కుంకుమ భరిణెలతోపాటు నాయనమ్మల నాటి విక్టోరియా రాణి రూపాయలకూ చింతపండు స్నానం తప్పదు. ఆ స్నానంతోనే వాటి ధర బాగా పడిపోతుందని ఎందరికి తెలుసు?

నిజానికి ఒకప్పుడు పాతబడటమే నాణేనికి శాపం. బెంగాలులో సిక్కా రూపాయి ముద్రపడి రెండు మూడేళ్ళు దాటితే చాలు, వెండి తరగకపోయినా షరాబులు వట్టం కోసేవారు. ఈ బెడద తప్పించడానికి కంపెనీవారు పాదుషా షా ఆలం 19వ ఏలుబడి సంవత్సరాన్నే ఏళ్ళతరబడి రూపాయల మీద కొట్టించారు. ఆడవాళ్ళు వయసు దాస్తారంటారు గానీ, దొరలు మాత్రం తక్కువ తిన్నారా! చివరికి 1835లో తమ ఏలుబడి అంతటికీ ఒకటే రూపాయి తెచ్చారు. బరువు పాత తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి.

ఇప్పుడు పాతదనానికే గిరాకీ. అయితే ఎంత పాతదన్నది ఒక్కటే చాలదు, ఎంత అరిగిందన్నది ముఖ్యం. 1862 నుంచి వచ్చిన కిరీటం రాణి రూపాయిని అంచులు పట్టుకుని భూతద్దంలో చూడండి. ఎత్తుగా ఉన్నచోటే ముందు అరుగుతుంది: చెవి దగ్గరి జుట్టు, చెంప, దుస్తుల మీది కుట్టుపని. అన్నీ చెక్కుచెదరకుండా ఉంటే 'అన్‌సర్క్యులేటెడ్'. ఎత్తుల మీద కాస్త అరిగితే 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'. ఆ తర్వాత 'వెరీ ఫైన్', 'ఫైన్'. 'గుడ్' అన్నారని మురిసిపోకండి! ఆకారం తప్ప వివరం మిగలని నాణేనికి ఇచ్చే బిరుదది. ఉద్యోగం లేని పెళ్ళికొడుకుని పేరయ్య 'బుద్ధిమంతుడు' అన్నట్టు.

కొత్త నాణెం మీద అచ్చు దెబ్బకి వెండి సాగి, కంటికి ఆనని సన్నగీతలు పడతాయి. దీపం కింద అటూ ఇటూ వంచితే మెరుపు చక్రంలా తిరిగేది వాటివల్లే. పులుపు, బూడిద, బ్రష్షు ఆ గీతల్ని తినేస్తాయి. ఆ తర్వాత ఎంత మెరిసినా అది పైపూతే, తెలిసినవాడి కంటికి ఇట్టే దొరికిపోతుంది. గాలిలోని గంధకం వల్ల పట్టిన నలుపు మాత్రం మురికి కాదు, ఉండనివ్వండి.

కొక్కెం అతికించి దండలో గుచ్చిన రూపాయిని చూస్తే సేకర్త పెదవి విరుస్తాడు, అది 'దెబ్బతిన్న' నాణెం అంటాడు. బజారులో అతని మాటే చెల్లుతుంది. కానీ బ్యాంకు ముఖం చూడని ఆడదానికి ఆ దండే బ్యాంకు. కరువొస్తే ఒక్కొక్కటే తెంపి గింజలు కొనుక్కునేది. అలాంటి రూపాయి ఇంట్లో ఉంటే వాడి లెక్కకోసం కొక్కెం ఊడబీకించకండి. అతుకు మచ్చ ఎలాగూ పోదు, ఆమె కథ మాత్రం పోతుంది.

ఈసారి పూజలో రాణిగారికి నాలుగు అక్షింతలు చాలు. తోమకపోతే చేతులు ఊరుకోవంటారా, ఇత్తడి చెంబులు ఉండనే ఉన్నాయి!