సారథి చేతిగుర్తు: పాత మోటారు చక్రాల పునరుద్ధరణ

మోటారు కారు చరిత్రను వ్రాసినవారు ఇంజను శక్తిని గురించి, పైతొడుగు సొగసును గురించి, దానిని కొన్న ప్రభువుల వైభవాన్ని గురించి విస్తారంగా వ్రాశారు. చక్రం పట్టిన చేతిని గురించి వ్రాసినవారు అరుదు. సంస్థానాల కాలంలో కారు యజమాని సాధారణంగా వెనుక ఆసనంలో కూర్చునేవాడు. ముందు కూర్చుని బండి నడిపినవాడి పేరు జీతాల పద్దులో తప్ప మరొకచోట దొరకడం కష్టం. అతడు మిగిల్చి వెళ్ళిన సాక్ష్యం స్టీరింగ్ చక్రం మీది అరుగుదల. పాత కారును బాగుచేయించడానికి పూనుకున్నప్పుడు ముందుగా చెరిగిపోయేదీ అదే.

తొలినాటి కార్లకు ఈ చక్రం లేదు. 1886లో కార్ల్ బెంజ్ హక్కుపత్రం పొందిన మూడుచక్రాల బండిని చిన్న పిడితో తిప్పేవారు. ఆ తరువాత వచ్చిన అనేక బండ్లకు పడవ చుక్కాని వంటి కర్ర ఉండేది. వేగం తక్కువగా ఉన్నంతకాలం దానితో పని జరిగింది. వేగం పెరిగేసరికి, ముందు చక్రానికి ఒక రాయి తగిలితే చాలు, కర్ర చేతిలోనుంచి ఎగిరిపోయేది. 1894లో పారిస్ నుంచి రువాన్‌కు జరిగిన పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ తన పానార్ బండికి గుండ్రని చక్రం అమర్చుకున్నాడు. 1898లో పారిస్-ఆమ్‌స్టర్‌డామ్ పందెం కోసం ఆర్థర్ క్రెబ్స్ పానార్ బండికి వాలుగా ఉన్న కాడ మీద చక్రాన్ని బిగించాడు. కొద్ది సంవత్సరాలలోనే చుక్కాని కర్ర చాలావరకు మరుగునపడింది.

ఆనాటి చక్రం నేటిదానికంటె పెద్దది. బండిని తిప్పే భారమంతా మనిషి భుజబలం మీదనే పడేది కనుక వ్యాసం ఎక్కువగా ఉండక తప్పదు. లోపల ఇత్తడి లేక అల్యూమినియం ఆకులు, వాటి చుట్టూ కొయ్య వలయం. ఒకే మానును వంచి వలయం చేస్తే కాలక్రమాన విచ్చుకుంటుంది. అందుచేత మహాగని, అక్రోటు వంటి కలపలను చిన్న చిన్న వంపుముక్కలుగా కోసి, మన ఎడ్లబండి చక్రానికి పూటీలు కూర్చినట్లే ఒకదానికొకటి అతికేవారు. చక్రం నడుమ ఇంధనాన్ని, నిప్పురవ్వ పడే వేళను సరిచేసే చిన్న మీటలు ఉండేవి. సారథి దృష్టి దారి మీద, చేయి చక్రం మీద, వేళ్ళు మీటల మీద, చెవి ఇంజను చప్పుడు మీద ఉండవలసిందే. ‘షోఫర్’ అనే ఫ్రెంచి మాటకు మొదట కొలిమికి నిప్పువేసేవాడని అర్థం. ఆ మాట అతని పనిలో సగాన్ని కూడా చెప్పదు.

రోల్స్ రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్‌లో గేరు కడ్డీ సారథికి కుడిపక్కన ఉండేది. కుడిచేయి గేరు మార్చుతున్నంతసేపు చక్రం ఎడమచేతి పట్టులోనే ఉండాలి. అటువంటి బండిలో వలయం ఎడమభాగం ఎక్కువగా అరిగి ఉంటే దానిని లోపమనడం కంటె దినచర్య అనడం సబబు. ఆ చోట పూత పోయి, కలప నరాలు బయటపడి, అరచేతి రాపిడికి మరింత నునుపు తేలి ఉంటుంది.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో ఉన్న పసుపుపచ్చని 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ దీనికి మరో కొస. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారుచేయించిన బండి అది. ఆయన 1911లోనే కన్నుమూశారు. వెనుక సింహాసనం వంటి ఎత్తైన పీఠమున్న ఆ బండి ఏడవ నిజాం కాలంలో ఉత్సవాలకు మాత్రమే బయలుదేరేది. అది తిరిగిన దూరం కొన్ని వందల మైళ్ళకు మించలేదు. అటువంటి బండి చక్రంలో సారథి ముద్రను వెదకడం వృథా. వైభవం ఎంత ఎక్కువైతే నడిచిన దూరం అంత తక్కువ కావడం సంస్థాన వాహనాలలోని ఒక విచిత్రం. సారథి ముద్ర కావలసినవారు వేట బండినో, తాలూకా అధికారి ప్రయాణపు బండినో చూడాలి.

ఇక బాగుచేసే విధానం. కొయ్య చక్రం చేతికి వస్తే మొదట గట్టి రాపిడి కూడదు. మురికి, చెమట, పాత నూనె పొరలను మెత్తని గుడ్డతో తుడిచి, అడుగున అసలు పూత ఎంత మిగిలిందో చూడాలి. అది చాలాసార్లు లక్కపూతే. లక్కపురుగు స్రవించిన జిగురును శుద్ధిచేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డముద్దతో పలుచని పొరలుగా రుద్దే ఈ పద్ధతికి ఫ్రెంచి పాలిష్ అని పేరు. పేరు ఫ్రెంచివారిదైనా సరుకు మనదే. ప్రపంచ విపణికి లక్కను ప్రధానంగా సరఫరా చేసినది భారతదేశం. రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క పరిశోధన సంస్థ 1924లోనే ఏర్పడింది. గ్రామఫోను పలకలూ ఈ లక్కతోనే తయారయ్యేవి. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్ర బొమ్మలకు నేటికీ పూస్తున్నది ఈ లక్కనే.

లక్కపూతకు ఒక గుణం, ఒక దోషం ఉన్నాయి. కొత్త పొర వేస్తే పాత పొరతో కరిగి కలిసిపోతుంది కాబట్టి అరిగినచోట మాత్రమే పూసి ఊరుకోవచ్చు. కానీ చెమటకు, తడికి అది తెల్లబారుతుంది. ఈ దోషానికి భయపడి నేటి కార్ఖానాలలో పాత పూతనంతా గీకివేసి, ఉప్పుకాగితంతో వలయాన్ని సమం చేసి, గాజువంటి పాలియురెథేన్ పూత వేస్తున్నారు. చక్రం మెరుస్తుంది. అయితే అర మిల్లీమీటరు కలప పోవడంతో ఆ చేతి పట్టు కూడా పోతుంది.

తరువాతి తరం చక్రాల సమస్య వేరు. ఇనుప అస్థిపంజరం మీద గట్టి రబ్బరు, సెల్యులాయిడ్ వంటివి పోతపోశారు. ఎండకు ఇనుము ఒక తీరుగా, పైతొడుగు మరొక తీరుగా వ్యాకోచిస్తాయి. అందువల్ల ఆకులు వలయాన్ని కలిసే చోటనే ముందుగా పగుళ్ళు పుడతాయి. పగులును ‘వి’ ఆకారంలో వెడల్పుచేసి, లోపలి తుప్పు తీసి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ లప్పంతో నింపి, ఆరిన తరువాత అరగదీసి రంగు వేస్తారు. సెల్యులాయిడ్ విషయంలో జాగ్రత్త అవసరం. దాని పొడి సులభంగా అంటుకుంటుంది. ఈ రకం చక్రాలలో పగులు నింపక తప్పదు. ఇనుము విరిగితే ప్రాణాపాయం. ఇక్కడ పాతదనాన్ని కాపాడాలని వాదించడం మూఢత్వమే అవుతుంది.

అయితే హద్దు ఎక్కడ? అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం, కట్టడాల పరిరక్షణకు సంబంధించిన 1964 నాటి వెనిస్ పత్రం బాటలోనే, ఉన్నదానిని కాపాడడానికి మొదటి స్థానం ఇచ్చింది. పునరుద్ధరణను ఆ తరువాత ఉంచింది. భారత ప్రభుత్వం 2021లో 50 ఏళ్ళు పైబడిన బండ్లకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నమోదు ఏర్పరచినప్పుడు, చాసిస్, పైతొడుగు, ఇంజనులలో పెనుమార్పులు చేయని బండ్లకే ఆ హోదా అని నిర్ణయించింది. అరిగిన పూత ఈ నిబంధనల దృష్టికి అందేంత పెద్దది కాదు. అది యజమాని విచక్షణకు, పనివాడి చేతికి మిగిలిపోయింది.

కొందరు నిపుణులు అనుసరించే పద్ధతి సరళమైనది. పని మొదలుపెట్టకముందే చక్రాన్ని నాలుగు వైపులనుంచి ఛాయాచిత్రాలు తీసి, అరుగుదల ఏ గంట ముల్లు స్థానంలో ఎంత లోతున ఉన్నదో కొలిచి వ్రాసుకుంటారు. అసలు వలయం బలహీనమైతే, నడపడానికి కొత్త వలయం చేయించి, లోపలివైపు కనబడని చోట సంవత్సరాన్ని చెక్కుతారు. పాత వలయాన్ని నూలుగుడ్డలో చుట్టి, బండి నంబరు వ్రాసిన పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను బండితోపాటే కొత్త యజమానికి అప్పగిస్తారు.