పేదను ‘పాపర్’ చేసిన చట్టం

ఇంగ్లీషులో బీదవాణ్ణి ‘పూర్’ అంటారు. ఏ ఆధారమూ లేక పరుల సాయం మీదే బతుకీడ్చేవాడు ‘పాపర్’. రెండూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో ‘పౌపెర్’ అంటే బీద. ఆ మాట ఫ్రాన్సు మీదుగా అరిగి అరిగి ‘పూర్’గా ఇంగ్లండు చేరింది. 16వ శతాబ్దం తొలినాళ్లలో అదే మాట చెక్కుచెదరకుండా నేరుగా లాటిన్ నుంచి మరోసారి దిగింది. నిరుక్తకారులు దాన్ని రెండుగా విడదీస్తారు: ‘కొంచెం’ అనే అర్థమిచ్చే ముక్క ఒకటి, ‘కనడం, పండించడం’ అనే అర్థమున్న ‘పరేరె’ ఒకటి. అంటే కొంచెమే పండేదని, కొంచెమే దక్కేదని. ‘పేరెంట్’ కూడా ఆ ‘పరేరె’ సంతానమే.

ఈ మాట ముందు లాటిన్ రూపంలోనే తొక్కింది కోర్టు గుమ్మం. ఏడో హెన్రీ హయాంలో 1495లో వచ్చిన చట్టం ప్రకారం, డబ్బు లేనివాడు రుసుము కట్టకుండానే దావా వేయవచ్చు, అతనికి వకీలునూ కోర్టే చూపిస్తుంది. దీన్నే ‘ఇన్ ఫార్మా పౌపెరిస్’ అన్నారు. అయితే ఓడితేనో? ఖర్చులు కడతావా, కొరడా దెబ్బలు తింటావా అని అడిగే ఆచారం ఒకప్పుడు ఉండేదని 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ రాశాడు. ఆయన కాలానికి అది పోయింది లెండి.

1601 నాటి ఎలిజబెత్ పేదల చట్టంతో కథ మలుపు తిరిగింది. ప్రతి పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, తన పేదలను తానే పోషించాలి. అందుకు ఊళ్లో పన్ను వసూలు చేసేవారు. పన్ను కట్టేవాళ్లకు సహజంగానే ఒళ్లు మండింది. 1697లో మరో చట్టం తెచ్చారు. సాయం పుచ్చుకునేవాడు పైబట్ట కుడి భుజం మీద ఎర్రగుడ్డతోనో నీలిగుడ్డతోనో కత్తిరించిన పెద్ద ‘పి’ అక్షరం, దాంతోపాటు ఆ పారిష్ పేరులోని మొదటి అక్షరం అందరికీ కనబడేలా కుట్టించుకోవాలి. పెళ్లాం పిల్లలకూ అంతే. కుట్టించుకోకపోతే సాయం కోత పెట్టవచ్చు, లేదా కొరడా దెబ్బలతో చెరసాలకు పంపవచ్చు. ఆ నిబంధన 1810 దాకా పుస్తకంలో ఉంది.

అలా, బీదవాళ్లందరూ పాపర్లు కారన్న తేడా వచ్చింది. రెక్కాడితే గాని డొక్కాడని కూలీ ‘పూర్’ మాత్రమే. పారిష్ ముందు చెయ్యి చాచిన రోజున అతను పాపర్. ఒక స్థితికి పేరైన మాట ఒక ముద్ర అయింది.

1834 చట్టం ఆ ముద్రను ఇంకా లోతుగా దించింది. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పేదలను ఉంచి పని చేయించే చోట, చేరాలన్నది దాని ఉద్దేశం. అక్కడి బతుకు బయట అందరికన్నా తక్కువ కూలి దొరికేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలన్నది సూత్రం. లోపలికి అడుగుపెట్టగానే మొగుడు ఒక పక్క, పెళ్లాం ఒక పక్క, పిల్లలు ఇంకో పక్క. ఆండోవర్ వర్క్‌హౌస్‌లో ఎరువు కోసం ఎముకలు దంచే పని పెట్టారు. ఆకలికి తాళలేక అక్కడివాళ్లు ఆ ఎముకల్లోని కుళ్లిన మూలుగను పీక్కుతిన్నారని 1845లో బయటపడితే దేశం గగ్గోలెత్తింది. చచ్చాక కూడా విముక్తి లేదు. వర్క్‌హౌస్‌లో పోయినవాడి శవాన్ని ఎవరూ అడగకపోతే వైద్య విద్యార్థుల కోతబల్లకు పంపేందుకు 1832 చట్టం దారి తెరిచింది. పారిష్ సాయం తీసుకుంటే ఓటు పోయేది. 1918లో గాని ఆ నిషేధం తొలగలేదు. చార్లీ చాప్లిన్ 1896లో, ఏడేళ్ల వయసులో, తల్లితోనూ అన్నతోనూ లాంబెత్ వర్క్‌హౌస్ మెట్లెక్కినవాడే. ఈ పేదల చట్టం మొత్తంగా రద్దయింది 1948లో.

మార్క్ ట్వేన్ నవల ‘ద ప్రిన్స్ అండ్ ద పాపర్’ను 1954లో బి.ఎ. సుబ్బారావు ‘రాజు-పేద’గా తెరకెక్కించడంతో తెలుగు ప్రేక్షకులు ఆ మాటను ‘పేద’గా చూశారు. మన కోర్టులు మాత్రం ‘పాపర్’నే ఉంచుకున్నాయి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డర్ పేరే అప్పట్లో పాపర్ల దావాలు. దావాకు కోర్టు ఫీజు కట్టుకోలేనివాడు పాపర్. ఫీజు ఇంత అని నిర్ణయించని చోటైతే, ఒంటి మీద బట్టలు, తగాదాలో ఉన్న ఆస్తి కాక నూరు రూపాయల ఆస్తి లేనివాడు పాపర్. ఆస్తుల జాబితా దాఖలు చేయాలి, విచారణకు నిలబడాలి. గెలిస్తే ప్రభుత్వం ముందు తన ఫీజు రాబట్టుకుంటుంది.

1976 సవరణ ‘పాపర్’ను కొట్టేసి ‘ఇండిజెంట్ పర్సన్’ అని రాసింది, నూరు రూపాయలను వెయ్యి చేసింది. మాట మర్యాదగానే మారింది గాని, ఆ వెయ్యి మాత్రం కోడ్‌లో అక్కడే ఆగిపోయింది. ఇవాళ వెయ్యి రూపాయల గీత గీసి బీదవాణ్ణి కొలవడం అన్యాయం. ఆ అంకెను ఎప్పుడో సవరించాల్సింది.