కడలి తాబేలు ఊపిరి కథ



శీతకాలం చివర గంజాం తీరంలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, రాత్రివేళ వేల తాబేళ్ళు గట్టెక్కి గుడ్లు పెట్టి వెళతాయి. ఆ తీరంలో తరతరాలుగా వేటచేస్తున్న మన తెలుగు జాలరి కుటుంబాలకు ఇది పాత దృశ్యమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలో భాగమే కదా. శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలిచే మన జాలర్లు, తాబేలు వలలో పడితే దణ్ణం పెట్టి వదిలేయడం ఆనవాయితీ. ఆ ఒడ్డునే చచ్చిన తాబేళ్ళు కొట్టుకు రావడమూ మనం చూశాం. నీళ్ళలో బతికే ప్రాణి నీళ్ళలో ఎలా చస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందుగా ఒక్క మాట. తాబేలు చేప కాదు. దానికి మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులున్నాయి. అయితే మన పక్కటెముకలు ఊపిరి తీసినప్పుడు పైకి లేస్తాయి. తాబేలు పక్కటెముకలు డిప్పతో అతుక్కుపోయి ఉంటాయి, కదలవు. మరి గాలి లోపలికి ఎలా వెళుతుంది? కప్పలాగా గొంతుతో గాలి మింగుతుందని పాతకాలపు పండితులు అనుకున్నారు. 18వ శతాబ్దం చివర రాబర్ట్ టౌన్సన్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు అది తప్పని చూపించాడు. కాళ్ళ సందుల్లో, పొట్ట పక్కన ఉండే కండరాలే తిత్తిలాగా పనిచేస్తున్నాయని చెప్పాడు. ఆయన మాటను చాలామంది పట్టించుకోలేదు. 1863లో అమెరికాలో మిచెల్, మోర్‌హౌస్ అనే ఇద్దరు వైద్యులు మళ్ళీ పరిశోధించి ఆ సంగతిని స్థిరపరిచారు.

సముద్రపు తాబేలుకు ఈ పద్ధతి బాగా అమరింది. అది నీటిపైకి తల ఎత్తి, ఒకటి రెండు క్షణాల్లో పాత గాలి వదిలి కొత్త గాలి నింపుకుని మునిగిపోతుంది. మామూలు శ్వాసలో మనం మార్చుకునేది తిత్తులలోని గాలిలో కొద్ది భాగమే. తాబేలు అంతకంటే చాలా ఎక్కువ భాగాన్ని ఒక్క శ్వాసలో మార్చగలదు.

ఇక శరీర పరిమాణం సంగతికి వద్దాం. చిన్న ప్రాణికి కిలో బరువుకి ఎక్కువ ప్రాణవాయువు కావాలి, పెద్ద ప్రాణికి తక్కువ చాలు. పిచ్చుక రోజంతా గింజలు ఏరుకుంటూనే ఉంటుంది, ఏనుగు తన బరువుతో పోలిస్తే తినేది తక్కువే. 1883లో జర్మనీలో మాక్స్ రూబ్నర్ చిన్నా పెద్దా కుక్కల మీద కొలతలు తీసి, శరీరపు వైశాల్యాన్ని బట్టి ఖర్చు ఉంటుందన్నాడు. 1932లో మాక్స్ క్లైబర్ ఆ లెక్కను సవరించాడు. ఆయన సూత్రం ప్రకారం ఒక ప్రాణి మరొక దానికంటే 16 రెట్లు బరువుంటే, దాని ఖర్చు 16 రెట్లు కాదు, 8 రెట్లే. అంటే కిలో ఒక్కింటికి ఖర్చు సగమే.

దీన్ని తాబేలుకు అన్వయించి చూద్దాం. శరీరం పెరిగిన కొద్దీ ఊపిరితిత్తులూ ఇంచుమించు అదే పాళ్ళలో పెరుగుతాయనుకుందాం. అప్పుడు కిలోకి నిల్వ అంతే, ఖర్చు మాత్రం తక్కువ. పెద్ద బానలోంచి చిన్న చెంబుతో తోడుకున్నట్లు, పెద్ద తాబేలు ఎక్కువసేపు మునిగి ఉండగలగాలి. గుడ్డులోంచి వచ్చిన ఆలివ్ రిడ్లే పిల్ల ఇరవై గ్రాములకు మించి పెద్దగా తూగదు. పెరిగిన తాబేలు నలభై కిలోల వరకూ ఉంటుంది. అంటే తేడా రెండు వేల రెట్లు. అందుకే పిల్లలు మాటిమాటికీ పైకి వస్తాయి, పెద్దవి తీరుబడిగా వస్తాయి.

ఇది నిజమేనా అని 1976లో ప్రాంజ్, జాక్సన్ అనే శాస్త్రజ్ఞులు పచ్చతాబేళ్ళ మీద కొలిచి చూశారు. అప్పుడే పుట్టిన పిల్లల నుంచి వంద కిలోలు దాటిన తల్లుల దాకా పరీక్షించారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాటికి కిలోకి ఖర్చు తక్కువేనని తేలింది, కానీ క్లైబర్ సూత్రం చెప్పినంత తక్కువ కాదు. శ్రమపడుతున్నప్పుడు ఆ కాస్త తేడా కూడా బాగా తగ్గిపోయింది. ఈ రెండో మాటను శ్రోతలు గుర్తుంచుకోవాలి, దీని అవసరం మళ్ళీ వస్తుంది.

ఈ లెక్కకు లొంగని తాబేలు ఒకటుంది. అది తోలు డిప్ప తాబేలు, అంటే లెదర్‌బ్యాక్. 1988లో వేల్స్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక మగ తాబేలు 916 కిలోలు తూగింది. ఇంత శరీరానికి ఊపిరితిత్తులు చాలా పెద్దవి ఉండాలనుకుంటాం. కానీ బరువుతో పోలిస్తే దాని తిత్తులు చిన్నవి. ఎందుకంటే అది వెయ్యి మీటర్లకు పైగా లోతుకు దిగుతుంది. వంద మీటర్ల లోతుకే నీటి ఒత్తిడి వల్ల తిత్తిలోని గాలి పదకొండో వంతుకు కుదించుకుపోతుంది. అక్కడ తిత్తిలో దాచుకున్న గాలి అక్కరకు రాదు. అందుకని ఈ తాబేలు ప్రాణవాయువులో పెద్ద భాగాన్ని రక్తంలోనూ కండలోనూ దాచుకుంటుంది. మన తీరానికి వచ్చే రిడ్లేకు మాత్రం తిత్తే ప్రధానమైన గాదె.

ఇప్పుడు ఒడ్డున పడిన తాబేళ్ళ దగ్గరకు తిరిగి వద్దాం. గహీర్‌మఠలో తాబేళ్ళు వేలాదిగా గుడ్లు పెడతాయన్న విషయం 1974లో శాస్త్రలోకానికి తెలిసింది. ఋషికుల్య సంగతి 1994లో తెలిసింది, మన జాలర్లకు అంతకుముందే తెలుసు. ఆ దశకంలోనే మరపడవలు పెరిగి, రొయ్యల కోసం ట్రాల్ వలలు గంటల తరబడి లాగడం మామూలైంది. ఒరిస్సా తీరంలో ఏటా వేల తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి.

హాయిగా మునిగిన తాబేలు గుండె వేగం తగ్గించుకుని, ప్రాణవాయువును పొదుపుగా వాడుకుంటుంది. వలలో చిక్కిన తాబేలు పెనుగులాడుతుంది. పెనుగులాటలో నిల్వ నిమిషాల్లో హరించుకుపోతుంది, రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికి సరిపోతుంది. శ్రమలో పెద్ద శరీరం వల్ల కలిగే లాభం కరిగిపోతుంది. చిన్న తాబేలు ముందు చస్తుంది, పెద్దది కాస్త వెనకగా చస్తుంది, అంతే. వల గంట దాటి నీళ్ళలో ఉంటే చావులు ఒక్కసారిగా పెరుగుతాయని 1990లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నివేదిక చెప్పింది. బతికి బయటపడినా రక్తం తేరుకోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా మరో వలలో పడితే ఇక దక్కదు.

ఈ జ్ఞానం నుంచే టెడ్ అనే పరికరం వాడకం వచ్చింది. వలలో కడ్డీల చట్రం అమరిస్తే రొయ్యలు సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు కడ్డీలకు తగిలి కిటికీలోంచి బయటపడుతుంది. దీని మూలం అమెరికాలో జార్జియా తీరంలో ఒక జాలరి జెల్లీచేపల బెడద తప్పించుకోవడానికి చేసుకున్న ఏర్పాటు. 1996లో ఈ పరికరం లేని దేశాల రొయ్యలను అమెరికా వద్దంది. భారత్ మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్ళను కాపాడటం సరైన ఉద్దేశమే గాని, అమలు చేసిన తీరులో వివక్ష ఉందని ఆ తీర్పు. 2019లో ఇదే కారణంతో మన సముద్రపు రొయ్యలకు అమెరికా మళ్ళీ తలుపు మూసింది.

ఒడిశాలో నవంబరు నుంచి మే దాకా నదీముఖాల దగ్గర వేటకు ఆంక్షలున్నాయి. ఏడు నెలలు! పొట్ట చేత పట్టుకుని వచ్చిన జాలరికి అది చిన్న మాట కాదు. తాబేలును దేవుడిగా వదిలేసిన చిన్న పడవవాడు, గంటల తరబడి వల ఈడ్చిన మరపడవ చేసిన తప్పుకు నష్టపోవడం న్యాయమా అని అడిగితే, ఆ ప్రశ్నలో బలం ఉంది. తాబేలు ఊపిరి లెక్క కూడా ఆ జాలరి వైపే మాట్లాడుతుంది. చంపుతున్నది వేట కాదు, వల నీటిలో ఉన్న కాలం. త్వరగా పైకి లాగే వలలో తాబేలు చిక్కినా బతికే అవకాశం ఎక్కువ. ఆంక్షలు రాసేవారు ఈ తేడాను గుర్తిస్తే తాబేలుకూ మేలు, జాలరికీ మేలు.

ఈసారి తీరాన తల ఎత్తిన తాబేలు కనబడితే, అది ఊపిరి తీసుకునే ఆ రెండు క్షణాలు గమనించండి. మళ్ళీ పైకి వచ్చేదాకా దాని ప్రాణం ఆ రెండు క్షణాల మీదే ఆధారపడి ఉంటుంది.