చిన్న ట్రాక్టరుకు తగిన ట్రైలరు ఎంపిక

ట్రాక్టరు వెనుక తగిలించే బండిని ట్రైలరు, ట్రాలీ, ట్రక్కు, తొట్టి అని ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరుతో పిలుస్తారు. 15 నుండి 30 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్లకు ట్రైలరు కొనేటప్పుడు ఇంజను బలాన్ని చూచి పరిమాణాన్ని నిర్ణయించడం పరిపాటి. అది పొరపాటు. బరువును లాగగలగడం వేరు, వాలులో నిలపగలగడం వేరు. ఎంపికకు ఆధారం ట్రాక్టరు స్వంత బరువు, దాని బ్రేకుల సామర్థ్యం.

బరువు లెక్క

బ్రేకులు లేని ట్రైలరు, అందులోని సరుకు కలిపి ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించరాదన్నది భద్రతా సూత్రం. అదీ గంటకు 32 కిలోమీటర్ల లోపు వేగానికే. తయారీదారు అంతకంటె తక్కువ పరిమితి చెప్పినచో దానినే పాటించాలి.

ఉదాహరణకు ట్రాక్టరు బరువు 800 కిలోలు అనుకొందాం. వెనుక ఉండదగిన మొత్తం బరువు 1,200 కిలోలు. ఖాళీ ట్రైలరు 500 కిలోలైతే సరుకుకు మిగిలేది 700 కిలోలు. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు తొమ్మిది.

తొట్టి కొలత కూడా ఇందుకు తగినట్లే ఉండాలి. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల తొట్టిలో 36 ఘనపుటడుగులు పడతాయి. నిండా ధాన్యం పోస్తే సుమారు 580 కిలోలు. పరిమితికి లోబడే ఉంటుంది. అదే తొట్టిని ఇసుకతో నింపితే బరువు సుమారు 1,600 కిలోలు. పరిమితికి రెట్టింపు దాటిపోతుంది. తొట్టి నిండలేదు గదా అని ఇసుక, ఇటుక, రాయి నింపరాదు.

రెండు చక్రాలా, నాలుగా?

రెండు చక్రాల ట్రైలరు సరుకు బరువులో కొంత ట్రాక్టరుపై మోపుతుంది. అందువలన వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది. వెనుకకు నడపడమూ తేలిక. అయితే సరుకును ఇరుసుకు కొంచెం ముందుకు సర్దాలి. బరువంతా వెనుక పడితే కొక్కెం పైకి లేచి చక్రాలు పట్టు తప్పుతాయి. మరీ ముందుకు పడితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు వశం తప్పుతుంది. నాలుగు చక్రాల ట్రైలరు ట్రాక్టరుపై బరువు మోపదు. ఎక్కువ సరుకు పడుతుంది గాని చిన్న ట్రాక్టరుకు భారం, ఇరుకు దారిలో వెనుకకు తిప్పడం కష్టం.

వాలు, బ్రేకులు

యానాం వంటి సమతల డెల్టా నేలలో సరిపోయే బరువు హోసూరు, పర్లాకిమిడి వైపు ఎత్తుపల్లాలలో సరిపోదు. దిగుడులో బరువైన ట్రైలరు ట్రాక్టరును నెట్టి అడ్డం తిప్పుతుంది. అటువంటి చోట బ్రేకులు గల ట్రైలరు తీసుకోవడమే మేలు. రోడ్డెక్కే ముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి బిగించాలి. దిగుడుకు ముందే తక్కువ గేరు వేయాలి; డీజిలు ఆదా కొరకు న్యూట్రల్‌లో వదలరాదు. ట్రైలరును కింది కొక్కానికే తగిలించాలి; పైభాగాన తగిలిస్తే ట్రాక్టరు వెనుకకు తిరగబడే ప్రమాదం ఉంది. పిన్ను జారకుండా అడ్డు పిన్ను, అదనంగా గొలుసు, వెనుక ఎర్రని దీపాలు, రిఫ్లెక్టర్లు ఉండాలి.

పత్రాలు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరుకు ప్రత్యేక రిజిస్ట్రేషను అవసరం. సరిహద్దు అవతల పాత ట్రైలరు కొనేవారు రిజిస్ట్రేషను పత్రంలోని ఛాసిస్ సంఖ్యను బండిపై ఉన్నదానితో సరిచూచుకొని, అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఒక రాష్ట్రపు వాహనం మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి కొత్త సంఖ్య పొందాలి. ట్రాక్టరు బీమాలో ట్రైలరు వివరం కూడా చేరినదీ లేనిదీ చూడాలి.

ట్రైలరు సరుకుకే గాని మనుషులకు కాదు. కూలీలను, పెళ్లివారిని, తిరునాళ్లకు వెళ్లేవారిని ఎక్కించిన బండి బోల్తా పడితే ప్రాణాలు పోతాయి. బీమా పరిహారమూ చిక్కుల్లో పడుతుంది.

కొన్న వెంటనే ఖాళీ ట్రైలరును వేబ్రిడ్జిపై తూచి, దాని బరువును, మోయదగిన సరుకు బరువును తొట్టి పక్కన రంగుతో వ్రాయించడం మంచిది. ఎవరు నడిపినా, ఎవరు సరుకు ఎత్తినా ఆ అంకె కనబడుతూ ఉంటుంది.