మసి సిరా, మాచికాయ సిరా

అరబ్బీ రాతప్రతుల్లోని నల్ల సిరాలు ప్రధానంగా రెండు జాతులు. దీపపు మసిని తుమ్మబంక నీళ్లలో నూరి చేసేది మొదటిది. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపితే వచ్చేది రెండోది. ఈ సరుకుల్లో తెలుగువారికి కొత్తది ఏదీ లేదు. మూలికలమ్మే అంగడిలో అడిగితే దొరికేవే.

కంటికి రెండూ నలుపే. మసి అంటే బొగ్గు కాబట్టి కాగితం మీద పొరగా నిలుస్తుంది, ఎండకు వెలిసిపోదు, తడి తగిలితే మాత్రం చెదురుతుంది. మాచికాయ సిరా కాగితంలోకి ఇంకుతుంది. రాసేటప్పుడు లేతగా ఉండి, గాలి సోకాక అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది ముదురుతుంది. ఆ చర్యలోనే గంధకామ్లమూ పుడుతుంది. శతాబ్దాలు గడిచేసరికి ఆ ఆమ్లమూ, చర్యలో కలవక మిగిలిన ఇనుమూ కాగితాన్ని కొరికేస్తాయి. అక్షరం గోధుమరంగుకు తిరుగుతుంది. ముదిరితే అక్షరం రాలిపోయి చిల్లు మిగులుతుంది.

సిరాల తయారీ చెప్పే అరబ్బీ గ్రంథాలకు కొదవలేదు. ఉత్తర ఆఫ్రికాలో 1016 నుంచి 1062 దాకా ఏలిన జీరిద్ ప్రభువు అల్ ముయిజ్ ఇబ్న్ బాదిస్ పేరిట ఉన్న ‘ఉమ్దత్ అల్ కుత్తాబ్’ వాటిలో ప్రసిద్ధమైనది. మార్టిన్ లెవీ 1962లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మసి సిరా, మాచికాయ సిరా, రెండూ కలిపిన మిశ్రమ సిరా, రంగు సిరాలు, బంగారు రాత, పుస్తకానికి అట్ట కట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఇలాంటి గ్రంథాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి. గ్రంథంలో పాఠం ఉన్నంత మాత్రాన లేఖకుడు ఆ సిరాతోనే రాశాడనుకోవడానికి లేదు. బెర్లిన్, హాంబర్గ్ పరిశోధకులు ఈ పాఠాల ప్రకారం సిరాలు కాచి, వాటినే కొలబద్దగా పెట్టుకొని పాత ప్రతులను పరీక్షించడం అందుకే.

పరీక్ష పరారుణ కాంతితో మొదలవుతుంది. మసి సిరా ఆ కాంతిలోనూ నల్లగానే ఉంటుంది. మాచికాయ సిరా తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పలచబడి, సుమారు 1,400 నానోమీటర్ల దగ్గర మాయమవుతుంది. ఇనుము లేని ఉత్త చెట్టు కషాయపు సిరా 750 నానోమీటర్లు దాటగానే కనిపించదు. 940 నానోమీటర్ల దీపమున్న చేతి సూక్ష్మదర్శినితోనే ఈ తొలి వడపోత చేయవచ్చు. తర్వాత ఎక్స్ కిరణాల ప్రతిదీప్తి. ఇది ఇనుము, రాగి, జింకు, మాంగనీసులను పట్టిస్తుంది. గనిలో దొరికే అన్నభేదిలో ఈ లోహాల పాళ్లు చోటుచోటుకూ మారతాయి కాబట్టి, ఒక గ్రంథంలో పుటలు చేర్చిన చోటు, దిద్దిన చోటు బయటపడతాయి. కాగితంలోనూ ఇనుము ఉంటుంది గనుక రాత లేని చోట కూడా కొలవాలి. ఈ పద్ధతికి మసిలోని బొగ్గు కనిపించదు. ఇనుము కనిపించి, పరారుణంలోనూ నలుపు చెదరకపోతే అది మిశ్రమ సిరా కావచ్చు; బొగ్గు ఉందో లేదో రామన్ వర్ణపటం తేలుస్తుంది.

తెలుగు నేలపై అరబ్బీ ప్రతుల పెద్ద నిలయం 1951లో తెరిచిన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం. బాగ్దాదు లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమి రాసినదిగా చెప్పే ఖురాన్ అక్కడుంది; దానిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల చేవ్రాళ్లున్నాయి. యాఖూత్ 1298లో మరణించాడు. అతని పేరు పెట్టి తర్వాతివారు రాసిన ప్రతులు లోకంలో చాలా ఉన్నాయి. ఇలాంటి ప్రతుల విషయంలో యంత్రాల మీద అతిగా ఆశ పెట్టుకోకూడదు. లోహాలున్న సిరాలైతే మూలపు రాతనూ పై సంతకాన్నీ వేరుచేయవచ్చు. రెండూ మసి అయితే అంత సులువు కాదు. మసి ఏ శతాబ్దంలోనైనా మసే.

ఇనుము, కషాయం కలిస్తే వచ్చే ఈ నలుపు తెలుగువారికి కలంకారీ బట్టపై తెలుసు. కాళహస్తి పనివారు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టిన కసిమితో గీత గీస్తారు. మాచికాయ చేసే పని ఇక్కడ కరక్కాయ చేస్తుంది.     పాత కలంకారీ బట్టల్లో నల్ల గీతలే ముందు చివికిపోవడానికీ, అరబ్బీ ప్రతుల్లో చూసినట్టే, ఇనుము ఒక కారణం. తాటాకు గ్రంథాలకు ఈ బెడద లేదు. గంటంతో గీసిన అక్షరంలో పసరుతో కలిపి పూసేది మసి. అది ఆకును తినదు. ఆకు నల్లబడి చదవరాకుండా పోయినప్పుడు పరారుణ ఛాయాచిత్రం పనికొచ్చేది కూడా ఆ మసి వల్లే.

మరమ్మతు పద్ధతి సిరా జాతిని బట్టి మారుతుంది. మాచికాయ సిరాలో విడి ఇనుము మిగిలిందో లేదో బాథోఫినాంత్రోలిన్ పూసిన కాగితపు ముక్కను తడిపి, అద్ది చూస్తారు. ఉంటే గులాబీ రంగు తేలుతుంది. అప్పుడు కాల్షియం ఫైటేట్ ద్రావణంలో ముంచి ఆ ఇనుమును బంధిస్తారు. ఫైటేట్ మన బియ్యపు తవుడులోనూ ఉండేదే. ఈ స్నానం మసి సిరాకు గాని, నీటికి కరిగే రంగులకు గాని తగదు. అందుకే ఒకే పుటలో మాచికాయ సిరా, ఇంగిలికం, బంగారం కలిసి ఉన్న ప్రతులను చాలాసార్లు తడపకుండా, తేమ అదుపులో ఉన్న గదిలో పెట్టెల్లో భద్రపరుస్తారు.