డుబ్రొవ్నిక్ వర్తకంలో తర్జుమా, మర్యాద: ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: నేటి క్రొయేషియాలోని డుబ్రొవ్నిక్ నగరం పూర్వం రగూసా పేరుతో స్వతంత్ర గణతంత్రంగా వర్ధిల్లింది. పరభాషా రాజ్యాల నడుమ వర్తకం సాగించిన ఈ చిన్న రాజ్యం అనువాదాన్నీ వ్యవహార మర్యాదనూ రాజ్యకార్యంగా ఎలా నిర్వహించిందో వివరించడం, విదేశాలకు విస్తరించే నేటి సంస్థలకు ఆ అనుభవం ఎంతవరకు వర్తిస్తుందో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: డుబ్రొవ్నిక్, రగూసా, ద్రగోమాన్, తర్జుమా, కొత్రుల్యెవిచ్, వర్తక నీతి.

1. ఉపోద్ఘాతం

ఏడ్రియాటిక్ సముద్రతీరంలో వెలసిన రగూసాకు విస్తారమైన భూమి గాని, పెద్ద సైన్యం గాని లేవు. పశ్చిమాన ఇటలీ రేవులతోనూ, తూర్పున బాల్కన్ లోతట్టు ప్రాంతాలతోనూ సాగిన వర్తకమే దాని జీవనాధారం. పాలకవర్గపు రాతకోతల్లో లాటిన్, ఇటాలియన్ చెల్లేవి. ఇళ్లలో, వీధుల్లో స్లావిక్ వాడుక ఉండేది. నేడు క్రొయేషియన్ అని పిలిచే భాషను ఆనాటి పత్రాలు స్లావిక్, ఇల్లిరియన్ మొదలైన పేర్లతో పేర్కొన్నాయి. ఇన్ని భాషల కూడలిలో బతికిన నగరానికి అనువాదం నిత్యావసరం.

2. రెండు భాషల ఒప్పందం

1189 ఆగస్టు 29న బోస్నియా పాలకుడు కులిన్ బాన్ రగూసా ప్రజలకు ఇచ్చిన శాసనపత్రం ఇందుకు తొలి సాక్ష్యాలలో ఒకటి. ఇందులో లాటిన్ పాఠం, స్లావిక్ పాఠం రెండూ ఉన్నాయి. రగూసా వర్తకులు తన రాజ్యంలో సుంకం లేకుండా స్వేచ్ఛగా సంచరించవచ్చుననీ, ఎవరైనా ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుకను మాత్రమే స్వీకరిస్తాననీ కులిన్ మాట ఇచ్చాడు. సుంకానికీ కానుకకూ మధ్య గీసిన ఈ గీత గమనించదగినది. మొదటిది చట్టానికి, రెండవది మర్యాదకు సంబంధించినవి. ఆ తేడా ఇరుపక్షాలకూ సొంత భాషలో తెలిసి ఉండాలి. రెండు పాఠాలుండడంలోని ప్రయోజనం అదే.

3. ద్రగోమాన్ వ్యవస్థ

ఒట్టోమన్ సామ్రాజ్యం బాల్కన్లను ఆక్రమించిన తరువాత రగూసా కప్పం చెల్లించి తన వర్తక హక్కులను నిలుపుకుంది. 15వ శతాబ్దం చివరి నాటికి ఆ కప్పం ఏటా 12,500 డుకట్లకు చేరింది. దానిని అందజేసే రాయబారులకు సెనేట్ లిఖితపూర్వక ఆదేశాలిచ్చేది. దర్బారులో వారి మాటను తురుష్క భాషలోకి మార్చే అధికారి ద్రగోమాన్. ఈ పదానికి మూలం అరబిక్ ‘తర్జుమాన్’. తెలుగులోని ‘తర్జుమా’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. భాష నేర్చుకోవడానికి యువకులను ఇస్తాంబుల్‌కు పంపే పద్ధతినీ ఈ గణతంత్రం పాటించింది. అనువాదకుని శిక్షణను రాజ్యమే భరించిందన్నది ఇక్కడ ముఖ్యాంశం.

అయితే ఈ నేర్పుకూ పరిమితి ఉంది. 1667 భూకంపంలో నగరం శిథిలమైన తరువాత ప్రధానమంత్రి కారా ముస్తఫా రగూసా నుంచి పెద్ద మొత్తం డిమాండ్ చేశాడు. రాయబారులుగా వెళ్లిన నికొలా బునిచ్, మారొయిత్సా కబొగా నిర్బంధానికి గురయ్యారు. బునిచ్ 1678లో సిలిస్త్రా చెరలో మరణించాడు. బలవంతుడు వినదలచుకోనప్పుడు ఎంత చక్కని తర్జుమా అయినా నిష్ఫలమే.

4. వర్తక నీతి గ్రంథం

రగూసాలో జన్మించిన బెనెదిక్త్ కొత్రుల్యెవిచ్ 1458లో వర్తక కళపై ఇటాలియన్ భాషలో ఒక గ్రంథం రచించాడు. జంటపద్దు విధానాన్ని వివరించిన తొలి రచనలలో ఇది ఒకటి. లూకా పచోలీ ప్రసిద్ధ గ్రంథం 1494లో గాని అచ్చు కాలేదు. కొత్రుల్యెవిచ్ రచన మాత్రం 1573 వరకు అచ్చుకు నోచుకోక, ఆపై వెనిస్‌లో వెలువడింది. నాలుగు భాగాల ఈ గ్రంథంలో లెక్కలు మొదటి భాగంలో ఒక అంశం మాత్రమే. మిగిలిన భాగాలు వర్తకుని దైవచింతనను, పౌర సద్గుణాలను, గృహ నిర్వహణను చర్చిస్తాయి. పద్దు సరిగా రాయడం, మాట నిలబెట్టుకోవడం ఒకే విద్యలోని అంగాలని ఈ కూర్పు సూచిస్తుంది.

5. భాషా సాధనాలు

1595లో షిబెనిక్ వాసి ఫౌస్త్ వ్రాన్చిచ్ లాటిన్, ఇటాలియన్, జర్మన్, డాల్మేషియన్, హంగేరియన్ పదాలతో పంచభాషా నిఘంటువును వెనిస్‌లో ప్రచురించాడు. అందులోని ‘డాల్మేషియన్’ నేటి క్రొయేషియనే. 1604లో బార్తొల్ కాషిచ్ రచించిన తొలి క్రొయేషియన్ వ్యాకరణం రోమ్‌లో వెలువడింది. ఆ భాషలో మర్యాద వ్యాకరణంలోనే ఇమిడి ఉంది. ‘తి’ అంటే నువ్వు, ‘వి’ అంటే మీరు. ‘గొస్పొదిన్’ అనే గౌరవవాచకం పిలుపులో ‘గొస్పొదినె’ అవుతుంది. సంబోధన ప్రథమా విభక్తి ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కాదు. మధ్యమ పురుషకు ‘యూ’ అనే ఒకే రూపమున్న ఇంగ్లీషు ముసాయిదా నుంచి యాంత్రికంగా మార్చిన లేఖలో ఈ భేదం జారిపోయే ప్రమాదముంది.

6. ముగింపు

1808లో నెపోలియన్ సేనాని మార్మోన్ ఈ గణతంత్రాన్ని రద్దు చేశాడు. 2013 జూలై 1న క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లో చేరడంతో క్రొయేషియన్ ఆ సమాఖ్యకు 24వ అధికార భాష అయింది. నేడు అక్కడ అడుగుపెట్టే సంస్థలు ఒప్పందం ఖరారైన తరువాత చివరి ఖర్చుగా అనువాదాన్ని లెక్కిస్తే, డుబ్రొవ్నిక్ అనుభవానికి విరుద్ధంగా నడిచినట్లే. ఆ నగరం దుబాసీని బేరం మొదలయ్యే చోటనే నిలబెట్టింది. మాటను మార్చేవాడే మర్యాదనూ కాపాడేవాడని గుర్తించింది. సైన్యబలం లేని రాజ్యం శతాబ్దాల పాటు నిలవడానికి దోహదపడిన కారణాలలో ఈ గుర్తింపు ఒకటని చెప్పవచ్చు.